జుబాన్ మాదే, మనుషులేరీ?

సినిమా చూస్తూ మా అమ్మీ ఉలిక్కిపడి లేచి కూర్చోవడం నా చిన్నప్పుడు ఒక్కసారే చూశాను. బాబ్రీ మసీదు కూల్చేసిన మరుసటి ఏడో, ఆ పై ఏడో. నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు మాది. పక్కింటివాళ్ల టీవీలో రాత్రిపూట 'అంకుర్' వస్తోంది. వాకిట్లో చాప మీద ఒరిగి సగం నిద్రలో ఉన్న అమ్మీ ఒక్కసారిగా తల ఎత్తింది. "అరే, యే లోగాఁ హమారీచ్ బాతాఁ కర్రైఁ!" అంది. వీళ్లు మన మాటే మాట్లాడుతున్నారే అని. బొంబాయి హిందీ కాదు, లక్నో ఉర్దూ కాదు. మా వంటింట్లో, మా బావి దగ్గర, మా అబ్బాకూ అమ్మీకీ మధ్య కొట్లాటల్లో వినబడే మాట. ఆ రాత్రి అమ్మీ సినిమా అయిపోయేదాకా నిద్రపోలేదు. అయిపోయాక మాత్రం ఒక మాటంది. "మాట మనదే. మరి మనోళ్లు ఒక్కరూ కనబడలేదేంది?"

2024 డిసెంబర్ 23న శ్యాం బెనెగల్ ముంబైలో చనిపోయారు. తొంభై ఏళ్లు. ఉర్దూ, తెలుగు పత్రికలు రెండూ చదివేవాణ్ని కనుక రెండింట్లోనూ నివాళులు చదివాను. 'సమాంతర సినిమా పితామహుడు', 'పీడితుల పక్షపాతి', 'ముస్లిం స్త్రీల బాధను తెరకెక్కించిన లౌకికవాది'. ఇందులో ఏదీ అబద్ధం కాదు. నేనూ ఆయన్ను ప్రేమించినవాణ్నే. కానీ మా అమ్మీ అడిగిన ప్రశ్న ఆ నివాళుల్లో ఎక్కడా కనబడలేదు. చదువుకున్న విమర్శకులు యాభై ఏళ్లుగా అడగని ప్రశ్న అది. దాన్ని ఇవాళ అడగాలి. ఎందుకు అడగాలో చివర్లో చెప్తాను.

ముందు ఒక సంగతి. బెనెగల్ మాకు బయటివాడు కాదు. 1934 డిసెంబర్ 14న నిజాం రాజ్యంలో, హైదరాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టాడు. అల్వాల్లో పెరిగాడు. ఇంట్లో కొంకణి, తండ్రి ఫొటోగ్రాఫర్. నిజాం కాలేజీలో చదివాడు. హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. దొర గడి తెలుసు, మొహల్లా తెలుసు, దక్కనీ తెలుసు. తెలియనివాడు మమ్మల్ని చూపించకపోతే బాధ లేదు. తెలుగు సినిమాను మేం ఏనాడూ ఏమీ అడగలేదు. "నమ్కీ తెల్వద్, నిమ్కీ తెల్సా" అని నవ్వించే బుడ్డ సాయిబు, హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచా, గడ్డానికి సుర్మా తగిలించిన రౌడీ భాయ్. ఈ మూడు బొమ్మలతో తెలుగు తెర మాతో లెక్క తేల్చేసుకుంది. లెక్క మిగిలింది తెలిసినవాడితోనే.

'అంకుర్' (1974) నుంచే మొదలుపెడదాం. యాభైల నాటి తెలంగాణ పల్లె. నగరం నుంచి వచ్చిన చిన్నదొర సూర్య, మూగ చెవిటి కుమ్మరి కిష్టయ్య, అతని భార్య లక్ష్మి. దొర లక్ష్మిని వాడుకుంటాడు, కడుపు చేస్తాడు, దోసెడు బియ్యం దొంగిలించిందని వెళ్లగొడతాడు. పని అడగడానికి వచ్చిన కిష్టయ్యను కొరడాతో కొడతాడు. లక్ష్మి దొరను తిట్టిపోస్తుంది. ఆ తిట్లు దక్కనీలో. హైదరాబాద్‌లో పుట్టిన షబానా ఆజ్మీకి అది తొలి సినిమా, జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది. చివర్లో ఒక పిల్లవాడు దొర కిటికీ మీద రాయి విసిరి పారిపోతాడు.

ఆ తిట్లు విన్న రోజు నాకు కలిగిన గర్వం చెప్పలేను. అప్పటిదాకా మా జుబాన్ అంటే జోకు. మెహమూద్ నోట్లో పడి దేశమంతా నవ్వుకున్న జోకు. బళ్లో పంతులు కూడా నా ఉచ్చారణను వెక్కిరించి క్లాసును నవ్వించేవాడు. అలాంటి భాషలో కోపం పలుకుతుందని, ఏడుపు పలుకుతుందని, దొరను నిలదీయొచ్చని బెనెగల్ నిరూపించాడు. సంభాషణలు రాసిన సత్యదేవ్ దూబేకీ ఆయనకీ ఆ రుణం మేం మరచిపోం.

కానీ నిదానంగా ఆలోచించండి. తెలంగాణ పల్లెలో కుమ్మరి లక్ష్మి ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది? తెలుగు. కిష్టయ్యకు మాట లేదు, ఉంటే తెలుగే. ఆ పల్లెలో దక్కనీ ఎవరి ఇంటి భాష? దూదేకే పింజారిది, గాజులమ్మే సాయిబుది, దర్జీది, కటికోడిది, ఎడ్లకు నాలాలు కొట్టేవాడిది, పీర్ల చావిడి ఊడ్చే ముసలమ్మది. అంటే ఆ ఊళ్లోని పేద ముస్లింది. సినిమా హిందీ మార్కెట్‌కు వెళ్లాలి, అయినా తెలంగాణ వాసన ఉండాలి. దానికి బెనెగల్ కనిపెట్టిన ఉపాయం దక్కనీ. ఉపాయం గొప్పదే. ఊరి సాయిబు నాలుక తీసి ఊరందరి నోట్లో పెట్టాడు. నాలుక ఇచ్చినవాడు మాత్రం ఫ్రేములోంచి జారిపోయాడు.

పూర్తిగా జారిపోలేదు లెండి. 'అంకుర్'లో ఒక ముస్లిం ఉన్నాడు. పోలీసు పటేల్ షేక్ చాంద్. ఊరి మీద అధికారం చేసేవాళ్లలో ఒకడు. అలాంటి పటేళ్లు లేరా అంటే ఉన్నారు. నిజాం కాలంలో మరీ ఉన్నారు. కానీ ఊళ్లో వంద ముస్లింలుంటే తొంభై అయిదుగురు చెమటోడ్చేవాళ్లు. మిగిలిన అయిదుగురిలోంచి ఏరుకున్న ఒక్కడు తెర మీదికొచ్చాడు. తెలంగాణ ముస్లిం అనగానే టోపీ పెట్టుకున్న సర్కారు అనుకునే అలవాటు అప్పటికే ఉంది. కమ్యూనిస్టు కథల్లోనూ ఉంది, కాంగ్రెస్ ఉపన్యాసాల్లోనూ ఉంది. బెనెగల్ ఆ అలవాటును కనిపెట్టలేదు, అలాగని ప్రశ్నించనూ లేదు.

'నిశాంత్' (1975) మరో మెట్టు పైది. విజయ్ టెండూల్కర్ రచన. 1945, ఒక ఫ్యూడల్ సంస్థానం అని తెర మీద పడుతుంది. ఏ సంస్థానమో అడగక్కర్లేదు. నలుగురు అన్నదమ్ముల దొరల కుటుంబం బడిపంతులు భార్యను ఎత్తుకుపోతుంది. పంతులు పోలీసుల దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి, వకీలు దగ్గరికి తిరుగుతాడు. ఎవరూ పలకరు. చివరికి ఊరంతా గడి మీద పడుతుంది. పడ్డ జనం దోషినీ నిర్దోషినీ వేరుచేయరు.

ఈ సినిమాకు మేం ఒక సలాం చేయాలి. నిజాం రాజ్యంలో పల్లెజనం నెత్తురు తాగిందెవరో ఇది దాచలేదు. గుడి నగలు మాయం చేసేదీ, భూములు మింగేదీ, ఆడవాళ్లను ఎత్తుకెళ్లేదీ హిందూ దొర. పై గద్దె మీద ముస్లిం నవాబు, కింద గడీల్లో రెడ్డి, వెలమ, బ్రాహ్మణ దేశ్‌ముఖులు. ఇద్దరూ కలిసి తిన్నారు. నైజాం పాలనంటే హిందువుల మీద ముస్లింల పాలన అని ఇవాళ పాఠాలు చెబుతున్నవాళ్లు ఒకసారి 'నిశాంత్' చూడాలి.

కానీ ఇక్కడా ముఖ్యపాత్రల్లో ఒక్క పేద ముస్లిం లేడు. కథాకాలం 1945. దానికి అయిదేళ్ల ముందు, 1940లో, జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే చిన్నరైతు విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో కొట్లాడి దొర మనుషుల చేతుల్లో చచ్చిపోయాడు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకానికి మూలం ఆ బందగీ కథే. తెలుగు పల్లెలన్నీ ఆ నాటకం చూశాయి. తర్వాత గౌతం ఘోష్ తీసిన 'మాభూమి' సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల. తెలంగాణ పోరాటానికి మా చావులూ పునాదే, మా జుబానూ పునాదే. అల్వాల్ కుర్రాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

తర్వాత కొన్ని సినిమాల మీద త్వరగా నడుస్తాను. 'మంథన్' (1976) గుజరాత్ పాల రైతుల కథ. అయిదు లక్షలమంది తలా రెండు రూపాయలు వేసుకుని తీయించుకున్న సినిమా. 'భూమిక' (1977) మరాఠీ నటి హంసా వాడ్కర్ జీవితం మీద. తెలుగులో ఆయన తీసిన 'అనుగ్రహం' (1978) వరం దొరికిన ఒక బ్రాహ్మణ యువకుడి కథ. సొంత నేల భాషలో కెమెరా పెట్టినప్పుడు కూడా ఆయన కన్ను అటే వెళ్లింది. 'సుస్మన్' (1987) పోచంపల్లి నేతగాళ్లది. చేనేత అప్పుల ఉరిని అంత నిజాయితీగా చూపించిన సినిమా మరొకటి నేను చూడలేదు. వీటిలో మేం లేమని గొడవ పెట్టను. ప్రతి సినిమాలో కోటా అడిగే మూర్ఖత్వం నాకు లేదు.

మేం ఉన్నచోటికే వెళ్దాం. 'జునూన్' (1978). 1857 తిరుగుబాటు. రస్కిన్ బాండ్ రచన ఆధారం, ఇస్మత్ చుగ్తాయ్ సంభాషణలు. పావురాలు పెంచుకునే పఠాన్ జావేద్ ఖాన్ ఒక ఇంగ్లీషు పిల్లను మోహిస్తాడు. బావమరిది సర్ఫరాజ్ యుద్ధానికి వెళ్తాడు, వీడు పావురాల దగ్గర కూర్చుంటాడు. ఓడిపోయి వచ్చిన సర్ఫరాజ్ ఆ పావురాల గూళ్లను విరగ్గొట్టే దృశ్యం మరచిపోలేం. ఇందులో ముస్లిం రాక్షసుడు కాడు, దేవుడూ కాడు. పిచ్చి ఉన్న మనిషి. అంత చాలు. మనిషిగా చూపిస్తే చాలు. కానీ ఎలాంటి మనిషి? హవేలీ ఉన్న మనిషి.

'మండీ' (1983) మళ్లీ మా ఊరి గాలి. గులాం అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ' ఆధారం. ఊరి నడుమ ఉన్న వేశ్యాగృహాన్ని పెద్దమనుషులు ఊరి బయటికి తరిమేస్తారు. అక్కడ ఒక దర్గా చుట్టూ జనం చేరి మళ్లీ బజారు లేస్తుంది, మళ్లీ పెద్దమనుషులకు ఆ స్థలం కావాలి. మఖ్దూం గజల్ ఈ సినిమాలో వినబడుతుంది. ఎంత నవ్విస్తుందో అంత గుచ్చుతుంది. పరువు అనే మాటకు భూమి ధరతో ఉన్న చుట్టరికాన్ని ఇంత బాహాటంగా చెప్పిన సినిమా లేదు. నాకు ఇష్టమైన సినిమా. అయినా లెక్క రాసుకుందాం. మా భాష ఇప్పుడు కోఠాలో ఉంది.

1988లో దూరదర్శన్‌లో 'భారత్ ఏక్ ఖోజ్'. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు. నసీరుద్దీన్ షా శివాజీగా కనిపించాడు. ఇవాళ అలా వేస్తే ఎన్ని థియేటర్ల అద్దాలు పగులుతాయో ఊహించుకోండి. ఆ దేశం వేరు. ఆ దేశాన్ని నమ్మి మా అబ్బా ఆదివారాలు పని మానుకుని టీవీ ముందు కూర్చునేవాడు.

ఇక ఆయన్ను లౌకికవాదులు నెత్తిన పెట్టుకునే మూడు సినిమాలు. మూడూ ఖాలిద్ మహమ్మద్ రచనలే. మూడూ చాలామటుకు ఆయన ఇంటి కథలే. ఇది గమనించాల్సిన విషయం. ఒక ముస్లిం రచయిత తన నానీ, తన అమ్మీ కథలు తెచ్చి ఇచ్చినప్పుడే బెనెగల్ సినిమాలో ముస్లిం ఇల్లు మధ్యలోకి వచ్చింది.

'మమ్మో' (1994). మహమూదా బేగం లాహోర్ నుంచి బొంబాయిలో ఉన్న అక్క దగ్గరికి వస్తుంది. పుట్టింది ఇక్కడ. విభజనప్పుడు మొగుడితో అటు పోయింది. మొగుడు చచ్చాక అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. ఇక్కడ ఉండటానికి వీసా పొడిగించుకోవాలి, లంచాలివ్వాలి, పోలీసు స్టేషన్ల ముందు నిలబడాలి. చివరికి ఒకరోజు పోలీసులు వచ్చి రైలెక్కించి పంపించేస్తారు. ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. ఈసారి ఇంటివాళ్లు తెలివి మీరారు. ఆమె చచ్చిపోయిందని కాగితం పుట్టిస్తారు. చచ్చిపోయినదాన్ని ఏ ప్రభుత్వం వెళ్లగొడుతుంది?

1994లో ఇది ఒక ముసలమ్మ కథ. 2019 డిసెంబర్లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఇది మా అందరి కథ. పాకిస్తాన్ నుంచి వచ్చిన హిందువుకు, సిక్కుకు, క్రైస్తవుడికి ఆ చట్టంలో తలుపుంది. మమ్మోకు లేదు. ఆమె పుట్టిన గడ్డ ఇదే అయినా లేదు. ఆ చలికాలం మా మొహల్లాలో ఆడవాళ్లు ట్రంకుపెట్టెల్లోంచి నిఖానామాలు, రేషన్ కార్డులు, బడి సర్టిఫికెట్లు తీసి ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నారు. మా ఖాలా నన్ను అడిగింది, "బేటా, పుట్టిన కాగితం లేనోళ్లు ఏం చూపించాలె?" నాకు ఫరీదా జలాల్ ముఖం గుర్తొచ్చింది. పాతికేళ్ల ముందే మా భయాన్ని చూసినవాడు బెనెగల్. ఇది ఆయన ఖాతాలో బంగారు అక్షరాలతో రాయాలి.

'సర్దారీ బేగం' (1996). ఠుమ్రీ పాడే గాయని మతకలహంలో రాయి తగిలి చచ్చిపోతుంది. రాసే పని మీద వచ్చిన యువ పాత్రికేయురాలు తెహజీబ్‌కు ఆ చచ్చిపోయినామె తన సొంత మేనత్త అని తెలుస్తుంది. పాట పాడిందని ఇల్లు వెళ్లగొట్టిన మనిషి. కలహం రాయి ఒకటి, పరువు రాయి ఒకటి. రెండోది మనవాళ్లు విసిరింది. ఉర్దూలో ఉత్తమ చిత్రంగా దీనికి జాతీయ అవార్డు వచ్చింది. పాత్రికేయుడిగా నన్ను పట్టి కుదిపిన సినిమా ఇది. నేను పనిచేసిన ఒక డెస్కులో ఏటా రంజాన్ వస్తే హలీం మీద రాయమని నాకే అప్పగించేవాళ్లు. మతకలహం జరిగితే మాత్రం "నువ్వొద్దులే, నీకు ఇబ్బంది" అని వేరేవాళ్లను పంపించేవాళ్లు. హలీం వార్తకు పనికొచ్చినవాడు శవాల వార్తకు పనికిరాడు. తెహజీబ్‌ను చూసినప్పుడు, మా శవాల వార్త మేమే రాయాలని నిశ్చయించుకున్నాను.

'జుబైదా' (2001). సినిమాల్లోకి రావాలనుకున్న పిల్ల, తండ్రి జబర్దస్తీ పెళ్లి, మొగుడి కుటుంబం పాకిస్తాన్ పోవడం, తలాఖ్. తర్వాత ఒక రాజపుత్ర మహారాజుకు రెండో భార్య, విమానం కూలి చావు. ఖాలిద్ మహమ్మద్ తల్లి కథ. రెహమాన్ సంగీతం. అందమైన సినిమా. అంతకుమించి నాకు చెప్పడానికేం లేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ముషాయిరా ఉంది, ఠుమ్రీ ఉంది, పాన్‌దాన్ ఉంది, తహజీబ్ ఉంది. బొంబాయి ఉంది, ఢిల్లీ ఉంది, రాజస్థాన్ మహల్ ఉంది. దక్కన్ లేదు. పంచర్ దుకాణం లేదు. బీడీలు చుట్టే మా చెల్లెళ్లు లేరు. బెనెగల్‌కు పేదవాడు కావాలంటే హిందూ పల్లె, ముస్లిం కావాలంటే నగరపు హవేలీ. పేద ముస్లిం అనే మనిషి ఈ రెండు అరల మధ్య సందులో పడిపోయాడు. ఈ మాట నేను బెనెగల్‌నొక్కణ్నే అనడం లేదు. మన ప్రగతిశీల సాహిత్యమంతా ఇదే రెండు అరల బీరువా. రైతు అంటే హిందువు, ముస్లిం అంటే గజల్.

పల్లెటూరి ముస్లింలు మొదటిసారి కుటుంబంగా వచ్చిన సినిమా 'హరీ-భరీ' (2000). ఒకే ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ల గర్భాల, కాన్పుల కథ. కేంద్ర కుటుంబ సంక్షేమ శాఖ డబ్బుతో తీసింది. నటన గొప్పది, ఉద్దేశం మంచిది, ఆడవాళ్ల పక్షం వహించింది. ఒప్పుకుంటాను. కానీ దేశంలో ఇన్ని కులాలుండగా కుటుంబ నియంత్రణ సినిమాకు మాత్రం ముస్లిం ఇల్లే ఎందుకు దొరికింది? 'వాళ్లు అయిదుగురు, వాళ్లకు పాతికమంది' అనే నినాదం దేశమంతా చక్కర్లు కొట్టిన కాలం అది. తలుపు తట్టి లోపలికొచ్చిన మొదటి కెమెరా మమ్మల్ని అడిగింది, ఎంతమంది పిల్లలని.

దళితుల విషయంలో ఆయన ఇంత అమాయకుడు కాడు. 'సమర్' (1999) చూడండి. దళితుల మీద జరిగిన అత్యాచారం గురించి సినిమా తీయడానికి నగరం నుంచి ఒక యూనిట్ పల్లెకు వస్తుంది. తీస్తుండగా ఆ యూనిట్లోనే కులం బుసకొడుతుంది. ఎవరి బాధ ఎవరు తీస్తున్నారు, ఎవరి పాత్ర ఎవరు వేస్తున్నారు అని కెమెరా తనను తాను అడుగుతుంది. పాతికేళ్ల తన పనిని తనే నిలదీసుకున్న సినిమా అది. ఆ ప్రశ్న ఒక్కసారైనా మా వైపు తిప్పి ఉంటే?

తిప్పాడు, ఆలస్యంగా. 'వెల్ డన్ అబ్బా' (2010). 'అంకుర్' వచ్చిన ముప్పై ఆరేళ్లకు. హైదరాబాద్ దగ్గరి చీకట్‌పల్లి అనే పల్లె. అర్మాన్ అలీ ముంబైలో ఒక సాబ్ దగ్గర డ్రైవర్. సెలవు మీద ఊరొస్తాడు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు ప్రభుత్వం బావి తవ్విస్తుందని తెలిసి దరఖాస్తు పెడతాడు. ఒక్కో సంతకానికీ ఒక్కో చెయ్యి. బావి డబ్బులన్నీ బావి తవ్వకముందే ఇంకిపోతాయి. కాగితాల్లో మాత్రం బావి తయారు, నీళ్లు తయారు. అప్పుడు కూతురు ముస్కాన్ ఉపాయం చెబుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్లి మా బావి పోయింది, ఎవరో ఎత్తుకెళ్లారు అని కేసు పెట్టడం. ఊళ్లో అలాంటి బావులు పోయినవాళ్లంతా వెంట నడుస్తారు.

ఈ సినిమాలో తండ్రి ముస్లిం, కూతురు ముస్లిం, దొంగ చిన్నాన్న ముస్లిం, ప్రేమించే మెకానిక్ ముస్లిం. మంచివాడూ చెడ్డవాడూ మధ్యవాడూ మావాళ్లే. షేక్‌కు అమ్ముడుపోయే పిల్ల కూడా ఉంది. హైదరాబాద్ పాతబస్తీ గాయాన్ని దాచలేదు. నమాజు సమస్య కాదు, తలాఖ్ సమస్య కాదు, టెర్రరిజం సమస్య కాదు. సమస్య బావి. నీళ్లు. లంచం. సాటి రైతుకున్న సమస్యే. దక్కనీ మళ్లీ దక్కనీ మాట్లాడే మనిషి నోట్లోకి తిరిగొచ్చింది.

ఇంకో వింత. ఈ సినిమాకు ఆధారమైన కథల్లో ఒకటి మన హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానో రాసినది. దాని పేరు నర్సయ్య బావి. ఒక ముస్లిం రచయిత్రి ఉర్దూలో నర్సయ్య పేరుతో కథ రాసింది. బెనెగల్ తెర మీద ఆ బావి అర్మాన్ అలీది అయింది. 'అంకుర్'లో సాయిబు నాలుక లక్ష్మికిచ్చినవాడు 'వెల్ డన్ అబ్బా'లో నర్సయ్య బావి సాయిబుకిచ్చాడు. బాకీ తీరిందనుకోవచ్చా?

అనుకోనివ్వని బాకీ ఒకటుంది. 1948.

ఆ సెప్టెంబర్లో భారత సైన్యం హైదరాబాద్‌కు వచ్చినప్పుడు బెనెగల్‌కు పదమూడేళ్లు. రజాకార్ల దుర్మార్గాలను మేం కప్పిపుచ్చం. వాళ్లు చంపినవాళ్లలో మావాడూ ఉన్నాడు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ ఆగస్టులో చంపారు, ఎదిరించి రాసినందుకు. కానీ సైన్యం వచ్చాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు పల్లెల్లో వేలాది ముస్లింలను చంపారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. చచ్చినవాళ్లు నవాబులు కారు. నవాబులు బతికారు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. చచ్చింది పింజారి, కటిక, జట్కావాడు.

విభజన గురించి 'మమ్మో' తీశాడు, 'జుబైదా' తీశాడు. 1857 గురించి తీశాడు. గోవా, దక్షిణాఫ్రికా, సుభాష్ బోస్. చివరి సినిమా 2023లో బంగ్లాదేశ్ ముజీబ్ మీద. తను పదమూడేళ్ల వయసులో తన ఇంటి చుట్టూ చూసిన ఆ సెప్టెంబర్ గురించి మాత్రం ఒక్క కథాచిత్రం తీయలేదు. కలకత్తాలో పుట్టినవాడు కరువు గురించి తీశాడు, పంజాబ్‌లో పుట్టినవాడు విభజన గురించి తీశాడు. అల్వాల్లో పెరిగినవాడు 1948 గురించి తీయలేదు.

లౌకికవాద మిత్రులు అంటారు, కళాకారుడు ఏది తీయాలో మీరెవరు చెప్పడానికి అని. సరే. కళాకారుడి స్వేచ్ఛ మాకూ ముద్దే. కానీ ఒక మాట వినండి. మంచివాళ్లు వదిలేసిన జాగా ఖాళీగా ఉండదు. 2024 మార్చిలో ఒక బీజేపీ నాయకుడు నిర్మించిన 'రజాకార్' తెలుగు సినిమా వచ్చింది. గడీల దొరలు మాయమయ్యారు, బందగీ మాయమయ్యాడు, మఖ్దూం మాయమయ్యాడు. నిజాం రాజ్యమంటే టోపీ పెట్టుకున్న రాక్షసులు, వాళ్ల కింద నలిగిన హిందువులు. అంతే. ఆ సినిమా చూసొచ్చిన పిల్లలు బస్టాండ్లో మా మేనల్లుణ్ని చూసి 'ఒరే రజాకార్' అన్నారు. వాడికి పదిహేనేళ్లు. వాడి ముత్తాత గుర్రపునాలాలు కొట్టేవాడు. ఆ పిల్లల ముందు పెట్టడానికి నా దగ్గర ఒక సినిమా లేదు. 'నిశాంత్' పక్కన నిలబడే, అంత నిజాయితీ ఉన్న, 1948 సినిమా లేదు. తీయగలిగినవాడు, తీయడానికి హక్కున్నవాడు, ఆ నేలా ఆ భాషా తెలిసినవాడు ఒక్కడు ఉండేవాడు. మౌనంగా వెళ్లిపోయాడు. అందుకే ఈ ప్రశ్న ఇవాళ అడగాలన్నాను.

ఇక మనవాళ్లకు రెండు ముక్కలు. బెనెగల్‌ను ఇన్ని మాటలన్నాను కదా, మరి మనమేం చేశాం? 'ది అంగ్రేజ్' వచ్చింది. హైదరాబాద్ దక్కనీలో, హైదరాబాద్ కుర్రాళ్లతో. ఎంత నవ్వామో. దాని వెనకే బోలెడు దక్కనీ సినిమాలొచ్చాయి. అన్నింట్లోనూ చార్మినార్ దగ్గర పనిలేని కుర్రాళ్ల సొల్లు. మెహమూద్ చేసిన పనే మనమూ చేశాం, మన డబ్బుతో. లక్ష్మి తిట్టిన తిట్టు దక్కనీలో మళ్లీ వినబడలేదు. ఉర్దూ అకాడమీ సభల్లో షేర్వానీలు వేసుకుని గాలిబ్‌ను తలుచుకుంటాం, ఇంటికెళ్లి దక్కనీ మాట్లాడినందుకు పిల్లల్ని తిడతాం. అష్రాఫ్ గర్వం హవేలీ సినిమాలను చూసి ఉప్పొంగింది. దూదేకుల, ఫకీరు, కటిక కథ మనకే సిగ్గు. మన అరల బీరువా బెనెగల్ బీరువా కన్నా చిన్నదేం కాదు.

'వెల్ డన్ అబ్బా'ను మా అమ్మీకి నేనే చూపించాను. అప్పటికి ఆమెకు చూపు సగమే ఉంది. ఎక్కువగా విన్నది. అర్మాన్ అలీ బావి పోయిందని పోలీసు స్టేషన్‌కు నడిచేటప్పుడు కిసుక్కున నవ్వింది. అయిపోయాక నేనే అడిగాను. "అమ్మీ, ఇందులో మనోళ్లున్నారు గదా?" ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "ఉన్నరు బేటా. కానీ మా అబ్బాజాన్ ఏడున్నడు?" అంది.

ఆమె అబ్బాజాన్ 1948 సెప్టెంబర్లో బీదర్ వైపు సంతకు వెళ్లి తిరిగి రాలేదు. అమ్మీ అప్పుడు పాలు తాగే పిల్ల. ఆయన ఫొటో ఒక్కటీ లేదు, పేరున్న కాగితం ఒక్కటీ లేదు. ఏ నివేదికలోని ఏ అంకెలో ఆయన ఉన్నాడో తెలియదు. బెనెగల్ సాబ్ కెమెరా ఆయన దగ్గరికి రాలేదు. ఇక రాదు. ఆ కథ చెప్పడం మా పని. దక్కనీలో చెబుతామో తెలుగులో చెబుతామో తర్వాతి మాట. రెండూ మా జుబాన్లే.